ఆరు గీతల తేడా

మూడు రోజులుగా కమ్ముకున్న మబ్బు ఆ పొద్దున విడిపోయింది. ఆకాశం తేటపడి, చెరకు తోటల మీదుగా ఎండ సూటిగా పంచదార ఫ్యాక్టరీ షెడ్డులోకి దూరింది. మంచి పొద్దనే అనుకున్నాం అందరం.

నేను ఒక డయల్ గేజీని. అరచేతిలో ఇమిడే గడియారంలా ఉంటాను గాని కాలం చెప్పను. నా ముఖం మీది ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. నా కిందనున్న సన్నటి పుల్లను దేనికైనా ఆనిస్తే, అది కదిలినంత మేరా నా ముల్లు కదులుతుంది. పుట్టింది ఎక్కడో పట్నం కార్ఖానాలో. మొదట కొన్నవాళ్లు, వాడితే అరిగిపోతానని ఆరేళ్లు బీరువాలో దాచారు. వాళ్ల షెడ్డు మూతపడ్డాక పైడయ్య చేతికొచ్చాను.

పైడయ్య టర్బైన్ ఫిట్టరు. ఏటా చెరకు ఆడించే ముందు ఆవిరి టర్బైను విప్పి, బాగుచేసి, మళ్లీ కూర్చుతాడు. టర్బైను ఇరుసూ, పక్కనున్న గేర్‌బాక్సు ఇరుసూ ఒకే వరసలో ఉండాలి. లేకపోతే నిమిషానికి వేల చుట్లు తిరిగేటప్పుడు వణికి బేరింగులు కాలిపోతాయి. నన్ను ఒక ఇరుసుకు బిగించి, నా పుల్లను రెండోదానికి ఆనించి తిప్పితే, వరస కుదిరిందో లేదో చెప్పడం నా పని.

మనుషులతో ఒక చిక్కుంది. నచ్చిన అంకె చూపిస్తే గేజీ మంచిదంటారు, నచ్చనిది చూపిస్తే గోటితో కొడతారు. పైడయ్య ఎన్నడూ కొట్టలేదు.

ముందురోజు సాయంత్రం నేను చూపిన తేడా ఒక్క గీత. అంతవరకు ఫరవాలేదు. పైడయ్య రిజిస్టరులో సంతకం పెట్టాడు. తెల్లవారి తొమ్మిదింటికి ఇంజినీరు సుభాషిణి గారు ఆఖరిసారి సరిచూడమన్నారు. ఏడు గీతలు చూపించాను. ఆవిడ గోటితో రెండు దెబ్బలు కొట్టారు. ఏడే.

“ఏంటిది పైడయ్యగారూ? నిన్న ఒకటన్నారు.”

“నిన్న ఒకటే మేడమ్.”

“గేజీ పాడైందా, మీరు కునికిపాట్లు పడుతూ చూశారా?”

“రెండూ కావు.”

అంతలో ఫోను మోగింది. మేనేజరు. బయట చెరకు బళ్లు బారులు తీరాయి, పదింటికి ఆవిరి వదలాలి. సంగతి విని, “తప్పు సంతకమైతే ఆ ఫిట్టర్ని ఇక పిలవొద్దు” అన్నాడు. గట్టిగా మాట్లాడే మనిషి. పైడయ్యకూ వినబడింది.

“విన్నారుగా. గేర్‌బాక్సు కాలి కింద సన్న రేకు ముక్క వేసి సరిచేసెయ్యండి.”

“ఎయ్యను మేడమ్.”

పైడయ్య రోజంతా మాట్లాడే మాటలు ఓ ఇరవై. అందులో ఇవి రెండు. వంగి గేర్‌బాక్సు ఒక కాలి మీద అరచెయ్యి ఆనించాడు, తర్వాత రెండో కాలి మీద.

“ఇక్కడ సెయ్యెట్టండి. ఇప్పుడు అటేపు.”

ఆవిడ పెట్టారు. తూర్పు వైపు కాలు వెచ్చగా ఉంది, పడమటిది చల్లగా ఉంది. తలెత్తి చూశారు. టర్బైనులో తిరిగే రోటరును షెడ్డు లోపలికి తేవడానికి విప్పిన తూర్పు గోడ రేకులు ఇంకా బిగించలేదు. మబ్బు రోజుల్లో అదెవరికీ పట్టలేదు. ఇప్పుడు ఎండ ఆ ఒక్క కాలి మీదే పడుతోంది. ఇనుము వేడికి పెరుగుతుందని ఆవిడ పుస్తకంలో చదివే ఉంటారు.

“ఇప్పుడు రేకేసేత్తే నీడొచ్చాక తప్పయిపోద్ది. సల్లారనివ్వండి.”

“చల్లారాక కూడా ఏడే ఉంటే?”

“నాను మళ్లీ ఈ గేటు తొక్కను.”

ఆవిడ కాసేపు నన్నే చూశారు. ఫోను తీసి, పదింటికి కుదరదు, మధ్యాహ్నం అన్నారు. అవతల కేకలు. “బాధ్యత నాది సార్” అని పెట్టేశారు. ఆ మాటనడానికి ఎంత గుండె కావాలో కొలిచే గీతలు నా దగ్గర లేవు.

గోడకు టార్పాలిను కట్టారు. అరగంటకోసారి ఇరుసులు తిప్పి నన్ను చూశారు. ఆరు. ఐదు. మూడు. ఆ మూడు దగ్గర గంటసేపు ఆగిపోయాను. పైడయ్య చెవి సందునున్న బీడీ తీశాడు, ముట్టించకుండానే మళ్లీ పెట్టుకున్నాడు. పన్నెండుంపావుకు రెండు. ఇంకాసేపటికి ఒకటి.

ఎంత తేడా ఉందో నేను చెప్పగలను. ఎందుకుందో చెప్పలేను. దానికి పైడయ్య లాంటివాడు కావాలి.

ఒంటిగంటకు ఆవిరి వదిలారు. సుభాషిణి గారు పని బల్ల మీద డబ్బా విప్పి, మూతలోకి సగం పులిహోర తీసి పైడయ్య ముందుకు జరిపారు. అతను తన గిన్నెలోని ఎండుచేపల పులుసు ఆవిడ వైపు తోశాడు. పక్కన టర్బైను వణుకు లేకుండా ఒకే స్వరంతో మోగుతుంటే, ఇద్దరూ దాన్ని వింటూ తిన్నారు.