ఆల్మా కుట్టిన టాపు

పొద్దున్నే కాఫీ తాగి, కళ్లద్దాలు తుడుచుకుని, ఆల్మా సోర్వరి తన కుట్టుమిషను ముందు కూచుంటుంది. నలభై ఏళ్లుగా ఇదే వరస. మిషిగన్ ఉత్తరాన ఆ సరస్సులో తిరిగే పడవలన్నిటికీ ఎండ తగలకుండా కాన్వాసు టాపులు కుట్టింది ఆవిడే. ఆవిడ కుట్టు వంకర పోదు. ఆవిడ గుడ్డ విన్నమాట మర్చిపోదు. గట్టిగాలి లోపల దూరిందంటే విన్నదంతా పైకి చెప్పేస్తుంది. అందుకే ఆ ఊళ్లో మొగుడూ పెళ్లాలు పడవలో పోట్లాడుకోరు, ఒడ్డుకొచ్చాకే మొదలెడతారు.

మూడేళ్ల కిందట డ్వేన్ హాకలా తన పడవని ట్రక్కు వెనక తగిలించి, ఆల్మా కుట్టిన టాపు దించకుండానే హైవే ఎక్కాడు. ఖాళీ రోడ్డు, డెబ్బై మైళ్ల వేగం. టాపు పేలికలైపోయింది. ఆ పేలికల్ని చెత్తకుప్పలో పడేసి, "ముసలిదానికి చూపు పోయింది, కుట్లు ఊడిపోతున్నాయి" అని ఊరంతా చెప్పాడు. జనం నమ్మారు. ఆల్మా గడప తొక్కడం మానేశారు. ఆవిడ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. చెత్తకుప్ప దాకా నడిచి, జానెడు ముక్క ఏరుకొచ్చి పెట్టెలో దాచింది.

పట్నంలో కుట్టించిన టాపు ఒక్క వేసవికే సాగిపోయి వాననీళ్లు పట్టింది. డ్వేన్ మళ్లీ ఆల్మా దగ్గరికే వచ్చాడు.

"పెద్దమ్మా, పాతవి మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోడానికి నాకు పెట్టెలున్నాయిలే. కొలతలు చెప్పు."

కొత్త టాపు కుట్టింది. ముందంచు మడతలో ఆ జానెడు ముక్కా పెట్టి కుట్టింది.

"హైవే ఎక్కేముందు మడువు. తొడుగు వేసి జిప్పు లాగు. టాపుని నిలబెట్టే కమ్మీలు ఊగకుండా నాలుగు పట్టీలు బిగించు. మూడు కాదు, నాలుగు."

"నాకా చెప్తున్నావు? పుట్టినప్పట్నుంచీ పడవలు లాగుతున్నా."

"లాగడం గాడిదకీ వచ్చు" అంది ఆల్మా.

కొత్త గుడ్డ, ఇంకా ఏమీ వినలేదు కదా అని డ్వేన్ ధైర్యం. శనివారం టాపు మడవకుండా, పైకెత్తి ఉంచే వచ్చాడు. హైవే పక్కనే పడవలు నీళ్లలోకి దింపే చోట ఇరవై బళ్లు వరసలో ఉన్నాయి. గాలి దూరింది. టాపు నోరు తెరిచింది. ముందంచులో కుట్టిన పాత ముక్కలోంచి మొదట అతని పెళ్లాం పెగ్గీ ఆనాటి గొంతు: "మడిచి తొడుగు వెయ్యవా?" తర్వాత డ్వేన్ గొంతు: "ఎవడు మడుస్తాడే! చిరిగితే ముసలిదాని కుట్టు మీదికి తోసేద్దాం."

వరసలో ఉన్న లెంపి, పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ, కారద్దం ఇంకాస్త కిందికి దించింది.

సోమవారానికి ఆల్మా వాకిట్లో పన్నెండు మంది, చేతుల్లో కాన్వాసులు. కాఫీ అయ్యేదాకా నిలబెట్టింది. రెండో కప్పు కూడా తాగింది.

అందరూ వెళ్లాక డ్వేన్ వచ్చాడు. "ఆ ముక్క తీసెయ్ పెద్దమ్మా. తలెత్తుకోలేకపోతున్నా."

"నా కుట్టు నేను విప్పను. మడిచి కట్టు, నోరు మూసుకునుంటుంది."

"పారేస్తాను."

"పారెయ్. ఏరుకోవడం నాకు తెలుసు."

ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం పడవని ఒడ్డుకి లాగాక, డ్వేన్ టాపు మడిచి, తొడుగు వేసి, పట్టీలు కడతాడు. వెనక బళ్లవాళ్లు హారను కొట్టరు. లెంపి పట్టీలు పైకే లెక్కపెడుతుంది. ఆల్మా వచ్చి ఒక్కో పట్టీ వేలితో లాగి చూస్తుంది.

"మూడోది వదులు."

డ్వేన్ నాలుగూ విప్పి మళ్లీ మొదలెడతాడు.