బ్యాంకాక్ మందారం కేసు

కడియంలో అబ్బులు నర్సరీని అందరూ బ్యాంకాక్ నర్సరీ అంటారు. ఆ పేరు రావడానికి కారణం అబ్బులు నోరే. ఏ మొక్క చూపించినా, "బ్యాంకాక్ సరుకండి, నేనే వెళ్ళి తెచ్చాను," అనేవాడు. నిజానికి ఆయన అన్నవరం దాటి ఎరగడు. ఆ మొక్కలన్నీ ఇంటి వెనక అరెకరంలో భార్య వరహాలమ్మ కట్టిన అంట్లు.

ఆదాయపన్ను ఆఫీసరు తనిఖీకి వచ్చిన రోజున, హైదరాబాదు నుంచి కారులో వచ్చిన దంపతులు మందారం మొక్కకి బేరమాడుతున్నారు.

"ఇవన్నీ ఎక్కడివి?" అని అడిగాడు ఆఫీసరు.

కొనేవాళ్ళ ముందు మాట మారిస్తే పరువేం కావాలి? "బ్యాంకాక్‌వేనండి. కొని తెస్తాను, అమ్ముతాను. అంతే!" అన్నాడు అబ్బులు. ఆఫీసరు పొల్లుపోకుండా రాసుకున్నాడు. అబ్బులు దాని కింద పొడుగాటి సంతకం కూడా పెట్టాడు.

కొంప ముంచింది ఆ సంతకమే. సొంత నేలలో మొక్కని పెంచి అమ్మితే వ్యవసాయం, దానికి పన్ను లేదు. కొనితెచ్చి అమ్మితే వ్యాపారం, పన్ను కట్టాలి. అబ్బులు తన నోటితో తానే వ్యాపారి అయి కూర్చున్నాడు. పెద్ద మొత్తానికి పన్ను నోటీసు వచ్చింది. మొదటి అప్పీలు పోయింది. ఇక మిగిలింది విశాఖలో ట్రిబ్యునల్. అక్కడా ఓడిపోతే ఆ అరెకరం అమ్ముకోవాల్సిందే.

రాజమండ్రిలో లాయరు విశ్వపతి గారు కాగితాలన్నీ తిరగేసి కళ్ళజోడు తీశారు.

"పాస్‌పోర్టు ఉందా అబ్బులూ?"

"తీసుకుందామనుకుంటున్నానండి."

"ఎప్పట్నుంచి?"

"ఓ పదహారేళ్ళ నుంచండి."

"అంటే లేదు. బతికించావయ్యా!" అన్నారు లాయరుగారు. "ఈమధ్య ఇలాంటి కేసుల్లో వచ్చిన తీర్పులు చూశాను. మొక్కని పెంచింది ఎవరు, ఏ నేలలో, అదే చూస్తున్నారు. అన్నీ మా ఆవిడ కట్టిన అంట్లేనని ప్రమాణపత్రం ఇచ్చెయ్."

అబ్బులు కుర్చీలో ముందుకు జరిగాడు. "అది ఊళ్ళోవాళ్ళు చదువుతారాండి?"

"తీర్పులో రాస్తారు. ఎవరైనా చదువుకోవచ్చు."

"పోనీ, బ్యాంకాక్‌లో పుట్టి మా ఇంట్లో పెరిగాయని రాస్తేనండి?"

"అబద్ధపు ప్రమాణం చేస్తే నువ్వు పెరుగుతావు, జైల్లో."

పక్కనే కూర్చున్న వరహాలమ్మ లాయరుగారి వైపు తిరిగింది. "ఆయన పరువు ఆయనకుండాలి కదండీ లాయరుగారూ. బ్యాంకాక్‌లో ఎవరో ఆవిడ కట్టిందని రాసెయ్యండి. నేనెవరో ఎవరికి తెలుసు గనక!" అంది.

నవ్వుతూనే అంది. కానీ ఒళ్ళో పెట్టుకున్న ఆమె చేతుల మీద అబ్బులు చూపు పడింది. అంటుకత్తి గాట్లు లేని వేలు ఒక్కటీ లేదు.

"రాయండి," అన్నాడు నేలచూపులు చూస్తూ.

రాసి ఇవ్వడం వేరు, నలుగురిలో చెప్పడం వేరు. ట్రిబ్యునల్ వాయిదా రోజున వెనక వరసలో కడియం నర్సరీల వాళ్ళు నలుగురు కూర్చున్నారు. వాళ్ళకీ నోటీసులొచ్చాయి మరి. అందరికన్నా ముందు సింగపూర్ సోమరాజు, ముసిముసి నవ్వులతో.

పన్నుశాఖ తరఫు లాయరు పాత వాంగ్మూలం చదివాడు. విశ్వపతి గారు ప్రమాణపత్రం చదివారు. జడ్జిగారు రెండూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"రెండింటి మీదా మీ సంతకమే ఉంది. ఇందులో ఏది నిజం?"

అబ్బులు వెనక్కి తిరిగి చూశాడు. సోమరాజు చెవులు రిక్కించుకుని ఉన్నాడు. ఆ పక్కనే వరహాలమ్మ తలవంచుకుని చీర అంచు నలుపుతోంది.

"అయ్యా, నేను అన్నవరం దాటి రావడం ఇదే మొదలండి," అన్నాడు అబ్బులు. "బ్యాంకాక్ అంటే మా ఆవిడేనండి."

హాలంతా ఘొల్లుమంది. వరహాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జడ్జిగారు నవ్వాపుకుని ఆమెను ముందుకు పిలిచారు. "అంటు ఎలా కడతారమ్మా?" అని అడిగారు.

అంతే! ఇంట్లో నాలుగు మాటలకి మించి మాట్లాడని మనిషి, ఏ వయసు కొమ్మ పనికొస్తుందో, బెరడు ఎంత వలవాలో, తడి నాచు ఎలా చుట్టాలో, ఎన్నాళ్ళకి వేరు తొంగిచూస్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. చివర్న జడ్జిగారు గొంతు తగ్గించి, "మా ఇంట్లో మందారం మొగ్గలోనే రాలిపోతోంది, ఎందుకంటారు?" అన్నారు.

"నీళ్ళు మరీ ఎక్కువ పోస్తున్నారండి."

మూడు వారాలకి తీర్పు వచ్చింది. అది వ్యవసాయమే, పన్ను అక్కర్లేదని. అరెకరం దక్కింది.

తెల్లారేసరికి సోమరాజు గుమ్మంలో ఉన్నాడు. "బావా, ఆ తీర్పు కాపీ ఓటి ఇద్దూ. మా లాయరు అబ్బులు కేసు తెమ్మన్నాడు."

తన పేరుతో ఒక కేసు! అబ్బులు ఛాతీ కాస్త ఉబ్బింది. అంతలో, తను కోర్టులో అన్న మాట అందులో ఏడో పేజీలో ఉందని గుర్తొచ్చి లోపలికి కేకేశాడు.

"ఏమే, ఆ ఏడో పేజీ తీసేసి మిగతాది ఇయ్యి!"

వరహాలమ్మ మొత్తం కట్ట తెచ్చి సోమరాజు చేతిలో పెట్టింది.

"మనం గెలిచింది ఏడో పేజీలోనేనండీ," అంది.