మూడువేల అరవై ఒకటి

ఫాంగ్ మాస్టారికి కళ్ళు పోయాయి గానీ వేళ్ళు పోలేదు. టున్‌షీ ఊరి బడిలో నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన వేళ్ళవి. పొద్దున్నే గంజి తాగి లెక్కలు చేసే పూసల చట్రం ముందేసుకుని కూర్చుంటే, ఏ అంకె దగ్గర ఆపారో ఆయనకి గుర్తుండదని భార్య ష్యూయున్ పక్కనే కాగితం పట్టుకుని ప్రధాన సంఖ్యలు ఒక్కొక్కటే చదివేది. ఆయన టకటకా భాగించి, "శేషం మిగిలింది. తర్వాత?" అనేవాడు.

భాగించేది ఎప్పుడూ ఒకటే సంఖ్య, 19581217. ఒక్కగానొక్క కూతురు మిన్ పుట్టిన సంవత్సరం, నెల, రోజు వరసగా రాస్తే వచ్చింది. తొమ్మిదేళ్ళప్పుడు ఆ పిల్ల, "నాన్నా, నాది ప్రధాన సంఖ్యేనా? నన్నెవరూ భాగించలేరు కదా?" అనడిగింది. "రేపు చూసి చెప్తానే," అన్నాడు. ఆ రేపటికి జ్వరం. నాలుగో రోజుకి పిల్లే లేదు. ముప్పై ఏళ్ళు ఆ లెక్క ముట్టుకోని మనిషి, ఊపిరితిత్తులు పాడయ్యాయి, చలికాలం దాటడం కష్టమని డాక్టరు చెప్పాక మొదలుపెట్టాడు.

4423 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఒక్కదానితోనూ నిశ్శేషంగా పోకపోతే మిన్‌ది ప్రధాన సంఖ్యే.

"పోదు చూడు. దాని మొండితనం నీకు తెలీదూ?"

"మీ పోలికే కదా మాస్టారూ, ఎలా పోతుంది?"

అలా అందే గానీ ఆమెకి భయం. మధ్యాహ్నాలు ఆయన కునుకు తీస్తుంటే పెన్సిలుతో ముందుముందుకి వెళ్ళి చూసుకునేది. ఒకరోజు 3061 దగ్గర శేషం సున్నా వచ్చింది. మూడుసార్లు చేసినా సున్నాయే. భాగఫలం 6397. అయ్యో నా తల్లీ, ఈయనకి నేనేం చెప్పను అనుకుంది.

మర్నాడు ఆ వంతు రానే వచ్చింది. 3049 అయింది.

"తర్వాత?"

ఆమె కాగితం మీద ఒక అంకె దాటేసింది. "మూడువేల అరవై ఏడు."

ఆయన వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. "ఏమిటోయ్ ఆ గొంతు? జలుబు చేసిందా?"

"మీ చాదస్తానికి అరిగిపోయింది."

ఆయన నవ్వి పూసలు కదిపాడు.

రెండు నెలలకి 4423 కూడా అయింది. "చూశావా! మన పిల్లని ఎవరూ భాగించలేరు!" అని కళ్ళు తుడుచుకున్నాడు. "కాసేపు నన్నిక్కడే ఉండనీ," అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, గండం గడిచిందని తనివితీరా ఏడ్చింది. మూడో రోజు ఆయన పోయాడు.

ఏడో రోజున చట్రాన్ని ఆయన ఫొటో ముందు పెడదామని బల్ల మీద దానికి కప్పిన గుడ్డ తీసింది. పూసలు చెరపకుండా వదిలిన పిల్లలకి ముందు బెత్తం, తర్వాతే పాఠం చెప్పిన మనిషి. ఆయన పూసలే చెరపలేదు. ఎడమవైపు 3061, కుడివైపు 6397.

ష్యూయున్ ఆ పూసల్ని మళ్ళీ లెక్కపెట్టి చూసింది. అబద్ధం ఆడినా అతికినట్టుండాలి. ఆ అంకెల్లోనే బతుకంతా గడిపిన మనిషి దగ్గరా తన అతుకు? ఆమె కోసం సంతోషం నటించి, ఒక్కడే మింగుకుని పోయాడు. ఆరోజు నిజం చదివి ఉంటే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేవాళ్ళు. పిల్ల పోయినప్పుడూ తలో గదిలో ఏడ్చారు, ఇప్పుడూ అంతే అయింది.

పూసలు చెరపడానికి చెయ్యి రాలేదు. కాగితం తీసుకుని, రోజూ కూర్చునే చోటే కూర్చుంది.

"మూడువేల అరవై ఒకటి, మాస్టారూ," అని గట్టిగా చదివింది.