ఒక ఏడాది తక్కువ

ట్యాంకరు నిండేలోపల సుబ్బరామి మూడుసార్లు ఫోను తీసి చూశాడు. ఏడున్నరయింది. ఫోను మోగలేదు. దుమ్ము పడకుండా చుట్టిన ప్లాస్టిక్ కవరు లోపలికి కూడా ఎర్రమన్ను దూరింది. దాన్ని మళ్ళీ చొక్కా జేబులో వేసుకుని, బోరు పైపు పక్కకు లాగి, ట్యాంకరు మూత బిగించి ట్రాక్టరెక్కాడు.

గుట్ట నుంచి, రాయిని రైలుకెక్కించే సైడింగు దాకా మూడు మైళ్ళ మట్టిరోడ్డు. పగలంతా దాని మీద ఇనుపరాయి లారీలు. అవి రేపే దుమ్మును అణచడానికి నీళ్ళు చల్లడం సుబ్బరామి పని. రోజుకు పద్నాలుగు ట్రిప్పులు. తడిపిన రోడ్డు ముప్పావుగంటలో ఆరిపోతుంది, ఆరినచోటికి మళ్ళీ వెళ్ళాలి. పొద్దుగూకేసరికి చేసిన పని ఆనవాలు కూడా మిగలదు. ఆరేళ్ళుగా ఇదే బతుకు.

మనిషి సన్నం. యాభై దాటాయి. కనురెప్పల వెంట్రుకలు కూడా ఎర్రబారాయి. గోళ్ళ సందుల్లో మన్ను ఇక పోదు. భార్య రామలక్ష్మమ్మ ఎంత ఉతికినా ఆయన పంచె తెలుపెక్కదు. ఒకప్పుడు ఈ రోడ్డు పక్కనే ఆరెకరాల్లో వేరుశనగ వేసేవాడు. పూత మీద దుమ్ము కూచుని కాయ పట్టడం మానేసింది. తోటివాళ్ళు చేలను రాయి పోసుకోడానికి ఇచ్చి లారీలు కొన్నారు. ఈయన చేనూ ఇవ్వలేదు, లారీ కొననూ లేదు. ఉన్న ట్రాక్టరుకు ట్యాంకరు తగిలించుకున్నాడంతే. చేనుకు పెట్టాల్సిన నీళ్ళు రోడ్డుకు పెడుతున్నాడని ఊళ్ళోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆయన పట్టించుకోలేదు. ఆయనకు కూతురు యశస్విని ఉంది.

యశస్విని నిన్నటి నుంచి బెంగళూరులో ఉంది, మేనమామ కేశవతో. డాక్టరు చదువుకు రాసిన పరీక్షలో రాష్ట్రం మొత్తానికి ఆరువందల పద్దెనిమిదో ర్యాంకు. సర్కారు సీటు వచ్చే ర్యాంకేనని అందరూ చెప్పారు. నిన్న కాగితాలు చూసే బల్ల దగ్గర ఆఫీసరు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఈ రాష్ట్రంలో ఏడేళ్ళు చదివుండాలి. ఎనిమిది నుంచి రెండేళ్ళ పి.యు.సి. దాకా ఐదేళ్ళు. ఒకటో తరగతి ఒక ఏడు. మొత్తం ఆరు. ఇంకొక్క ఏడాదికి బడి నుంచి కాగితం ఈ రోజు సాయంత్రం నాలుగులోపల ఫ్యాక్సులో వస్తే సరే, లేకపోతే పక్కకు తప్పుకోమన్నాడు. పక్కనున్న ఆంధ్రాలో అడుగుదామంటే, చివరి చదువులు ఇక్కడ చదవలేదు పొమ్మంటారు. రెంటికీ చెడ్డ రేవడి అయింది పిల్ల.

ఊరికీ ఆంధ్రాకూ మధ్య ఒక చిన్న వంక. వానాకాలంలో మోకాలి లోతు, ఎండాకాలంలో ఇసుక. ఇవతల కన్నడ బడి, అవతల తెలుగు బడి. ఊళ్ళో ఆనవాయితీ ఏమిటంటే, పిల్లలు వంక దాటి తెలుగు బడిలో కూర్చునేవాళ్ళు, పేరు మాత్రం ఇవతలి బడిలో కూడా ఉండేది. పేరుంటే నెలకు మూడు కిలోల బియ్యం వచ్చేవి. ఇది తప్పని ఎవరూ అనుకోలేదు, దాచనూ లేదు. గుట్ట ఏ రాష్ట్రానిదో తేల్చడానికి సర్వేవాళ్ళు రెండుసార్లు వచ్చి కొలిచారు గానీ, పిల్లలు ఏ రాష్ట్రంవాళ్ళని నిన్నటిదాకా అడిగిన నాథుడు లేడు.

కాబట్టి యశస్విని పేరు కూడా ఇవతలి బడిలో నాలుగో తరగతి దాకా ఉండే ఉంటుందని సుబ్బరామి ధైర్యం. ఎక్కడో మనసు అడుగున ఏదో గుచ్చుకుంటున్నా, పనిమీద దాన్ని తొక్కేస్తూ వచ్చాడు. నాలుగో ట్రిప్పు పోసి, ట్రాక్టరును రోడ్డు వారగా ఆపి, పదిన్నరకు బడికి వెళ్ళాడు.

హెడ్మాస్టరు హంపన్న ఆ బడిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు. విషయమంతా విని, చెక్క బీరువా తెరిచి, అట్ట ఊడిన రిజిస్టరు తెచ్చి బల్లమీద పెట్టాడు. దుమ్ము ఊది పేజీలు తిప్పాడు.

"ఒకటో క్లాసు. యశస్విని. ఇదో, ఉండాది" అన్నాడు.

"రెండో క్లాసు చూడు మేష్ట్రే."

హంపన్న తిప్పలేదు. ఆ పేజీకే జిగురుతో అంటించిన చిన్న కాగితం మీద వేలు పెట్టాడు.

"ఇది ఎవరి అక్షరమప్పా?"

సుబ్బరామిదే. కింద ఆయన సంతకం. 'నా కుమార్తెను వంక అవతలి బడిలో చేర్చాను. ఒక బిడ్డకు రెండు బడులలో పేరుండటం న్యాయం కాదు. ఈ ఏటి నుంచి ఆమె పేరు తీసివేయగలరు.'

పదకొండేళ్ళ కిందటి సంగతి కళ్ళముందు నిలబడింది. బియ్యం సంచి చంకన పెట్టుకుని వస్తుంటే రచ్చకట్ట మీద ఎవరో నవ్వారు: రెండు బళ్ళ కూడు తింటాండాది సుబ్బరామి బిడ్డ అని. ఊరంతా తింటున్న కూడే అది. ఈయనకు మాత్రం రోషం పొడుచుకొచ్చింది. ఆ సంచి అట్లాగే వెనక్కు తెచ్చి ఈ బల్లమీదే పెట్టి, ఈ కాగితం రాసిచ్చి, తల ఎత్తుకుని ఇంటికి పోయాడు. ఆ రాత్రి రామలక్ష్మమ్మతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

"అప్పుడే చెప్తి నీకు" అన్నాడు హంపన్న. "ఉండనీలే సుబ్బరామీ, పేరుంటే నీ సొమ్మేం పోతాదని. వింటివా?"

"మేష్ట్రే, ఒక్క ఏడు. ఒక్క ఏడు చదివిందని రాయి. నీ కాళ్ళు పట్టుకుంటా."

పుట్టి బుద్ధెరిగి సుబ్బరామి ఎవరినీ అబద్ధం అడగలేదు. మాట బయటికి వచ్చాక కూడా అది తన నోటి నుంచే వచ్చిందా అనిపించింది. నిజంగానే వంగి కాళ్ళు పట్టుకున్నాడు. హంపన్న ఆయన భుజాలు పట్టి లేపాడు.

"నలభై మందికి రాసిచ్చినానప్పా ఈ చేత్తోనే. వాళ్ళవన్నీ పేర్లుండాయి, రాస్తి. పేరు లేనిదానికి ఏం చూసి రాసేది? ఆగల్ల, కాదప్పా."

అని, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఎంతకీ ఇటు తిరగలేదు.

ఎందుకు తిరగడం లేదో సుబ్బరామికి కాసేపటికి అర్థమైంది. గోటితో జిగురు అంచు లేపి, కాగితాన్ని మెల్లగా ఊడబెరికి, ఉండచుట్టి జేబులో కుక్కుకున్నాడు. రెండో తరగతి పేజీ తిప్పాడు. కన్నడంలో వరసగా పేర్లు. పంపాపతి, రోహిణి, తనూజ, అందరూ వంక అవతల చదివినవాళ్ళే. పందొమ్మిది మంది. వరస సంఖ్యలు ఎక్కడా తెగలేదు. చివరి పేరు కింద ఎర్రసిరాతో అడ్డగీత, దానికింద తనిఖీకి వచ్చిన ఆఫీసరు సంతకం. ఒక పేరు దూర్చడానికి వెంట్రుకవాసి సందు లేదు. తన కూతురు అక్కడ లేదు. తనే తీసేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. సుబ్బరామికి ఏడుపొచ్చింది. బడిపిల్లలు చూస్తారని తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నట్టు నటించి బయటపడ్డాడు.

రోడ్డు ఆరిపోయి ఉంది. లారీల వెనక దుమ్ము తాటిచెట్టు ఎత్తు లేచింది. సైడింగు మేస్త్రీ అందరి ముందూ తిట్టాడు. ఈయన విననట్టే పోయి బోరు కింద ట్యాంకరు పెట్టాడు. రెండింటికి ఫోను మోగింది.

"నాయనా, దొరికిందా?"

"పాపా..." ట్యాంకరు నిండింది. వెనక నీళ్ళు పొర్లిపోతున్నాయి.

"ఫ్యాక్సు కాడ నిలబడుకోనుండా నాయనా. మామ కూడా ఈడనే ఉండాడు. యాడ దాకా వచ్చింది?"

"రాదు పాపా. నీ పేరు లేదు. నేనే తీపిచ్చినా."

అవతల మనుషుల గోల, మైకులో ఎవరివో నంబర్లు పిలవడం వినిపించాయి. యశస్విని తిట్టినా బాగుండునని సుబ్బరామి ఎదురుచూశాడు.

"ఎందుకు నాయనా?" అంది చివరికి.

ఆయన దగ్గర సమాధానం ఉంది. పదకొండేళ్ళు గర్వంగా మోసిన సమాధానమే. ఇప్పుడు అది నోట్లోకి రాలేదు. ఫోను ఆగిపోయింది.

తొమ్మిదో ట్రిప్పు, పదో ట్రిప్పు పోశాడు. నాలుగు దాటాక కేశవ ఫోను చేశాడు.

"అయిపోయింది బావా. ఎనకోళ్ళను పిలిచేసినారు. పాప ఈడనే నర్సింగులో చేరుతానంటాది. ఒక కాలేజీలో కనుక్కొంటిమి, అక్కడ ఇవేవీ అడగరంట. రేపే హాస్టల్లో చేరాలంట."

"ఇంటికి తీసకరాప్పా. ఒకసారి ఇంటికి వచ్చి పోనీ."

"చెప్తి. రానంటాది."

"ఫోన్ ఇయ్యి."

కేశవ కాసేపు ఏదో అడగడం వినబడింది.

"ఇప్పుడొద్దంట బావా" అన్నాడు.

సుబ్బరామి మిగిలిన నాలుగు ట్రిప్పులూ పోశాడు. పొయ్యకపోతే ఎవరూ చచ్చిపోరు. పొయ్యడం తప్ప ఇంకేం చెయ్యాలో ఆయనకు తెలియలేదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. నడిమింట్లో రామలక్ష్మమ్మ సంచి సర్దుతోంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. యశస్విని ఆమెకు ఫోను చేసి ఏమేం పంపాలో చెప్పిందట. నాలుగు జతల బట్టలు, దుప్పటి, కంచం, మందపాటి ఇంగ్లీషు డిక్షనరీ. కేశవ ఎల్లుండి వచ్చి తీసుకుపోతాడట.

"నన్ను అడిగిందా?" అన్నాడు.

"నీ పంచెలు నానబెట్టి ఉతకమనింది. ఊరికే రుద్దితే పోదంట" అంది రామలక్ష్మమ్మ. ఆపైన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గూట్లో యశస్విని పుస్తకాలు తీసేసిన చోట ఒక చిన్న రేకుపెట్టె మిగిలింది. పి.యు.సి.లో కప్పలనూ బొద్దింకలనూ కోసి చూడడానికి కొనుక్కున్న పనిముట్ల పెట్టె.

"ఇది మరిచిపోయినావే."

"మరిచిపోలే. అది వద్దనింది."

సుబ్బరామి చేతులు కడుక్కుని వచ్చి, కింద కూర్చుని పెట్టె మూత తీశాడు. కత్తెర, సూదులు, సన్నటి కత్తి, చిన్న పటకారు. తుప్పు పట్టకుండా, బెంగళూరు పోయేముందు యశస్విని ఒక్కొక్కదానికీ కొబ్బరినూనె పూసి తెల్లగుడ్డలో చుట్టి పెట్టింది. గుడ్డ మీద ఎక్కడా ఎర్రమన్ను లేదు. పటకారు మొనకు నూనె ఇంకా ఆరలేదు.