చిన్న పలక మీద రెండో పేరు

డచ్చి నావికుడు హార్మెన్ క్లోక్ పేరు పెట్టిన వీధి మూలన, ఆ పేరున్న నీలం పలక నూరేళ్ళ నాటిది. దాని కింద ఒక చిన్న పలక పెట్టి, ఆయనెవరో నాలుగు ముక్కల్లో రాయాలని వీధి సంఘం తలపెట్టింది. అప్పటినుంచి, సంఘంలో సభ్యురాలైన డీవర్ ప్రాణమంతా ఆ నాలుగు ముక్కల మీదే ఉంది.

క్లోక్ దక్షిణ సముద్రాల దాకా ఓడ నడిపిన మాట నిజమే. కానీ ఆ దారికి పటాలు గీసింది అతని కింద పనిచేసిన యోరిస్. అతను తమ వంశంవాడని డీవర్ తండ్రి బతికినన్నాళ్ళూ చెప్పుకున్నాడు. విన్నవాళ్ళు బీరు గ్లాసు చాటున నవ్వుకుని ఆయనకి కోతలరాయుడని పేరు పెట్టారు. ఆ పేరుతోనే పోయాడు పాపం. డీవర్ పదకొండేళ్ళు చర్చి రిజిస్టర్లూ ఓడల కాగితాలూ తిరగేసి, యోరిస్ సంతకం ఉన్న పటాన్ని, తమ వంశక్రమాన్ని పట్టుకుంది. ఎవరికీ తెలియని క్లోక్ పుట్టిన సంవత్సరం కూడా ఆ వెతుకులాటలోనే దొరికింది.

సంఘం మీటింగుకి ముందురోజు ఆఫ్కె కాఫీకి వచ్చింది. నలభై ఏళ్ళుగా పక్కిల్లు, ప్రాణస్నేహితురాలు, పైగా సంఘంలో మినిట్స్ రాసేది, పలక మీది రాత పనివాళ్ళకి పంపేది ఆవిడే.

"రేపు నువ్వేం మాట్లాడకే. నువ్వు నోరు తెరిస్తే మన అధ్యక్షుడు కోర్నెలిస్ బిగుసుకుపోతాడు. రాసేదాన్ని నేనున్నాగా, యోరిస్ పేరు నేనెక్కిస్తా."

"మర్చిపోవుగా?"

"నన్నా అడుగుతున్నావ్ ఆ మాట?"

ఆ మీటింగుల్లో ఒక పద్ధతుంది. చివర్లో అధ్యక్షుడు బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ అడుగుతాడు. ఏమీ అననివాళ్ళు ఒప్పుకున్నట్టే లెక్క, ఇక ఏడ్చి మొత్తుకున్నా లాభం లేదు. ఆ సంగతి డీవర్‌కి బాగా తెలుసు. అయినా కోర్నెలిస్ "డీవర్ గారూ, మీరేమైనా చెబుతారా?" అంటే, "ఏం లేదండీ" అంది.

మే నెలలో ఒక ఆదివారం పలక మీది గుడ్డ లాగారు. హార్మెన్ క్లోక్, నావికుడు, అన్వేషకుడు, 1598–1651. అంతే. ఆ 1598 డీవర్ తవ్వితీసిందే. అందరూ చప్పట్లు కొట్టారు. డీవర్‌కి ఒళ్ళు మండిపోయింది. గిట్టనివాళ్ళు చేసుంటే ఇంత మండేది కాదు. కాఫీ కప్పులు అందిస్తున్న ఆఫ్కె దగ్గరికి తిన్నగా వెళ్ళింది.

"యోరిస్ ఏడే?"

"క్లోక్ వంశంవాళ్ళు పలక చేయించి ఇచ్చారు కదా. ఇంకో పేరుంటే పలక ఇచ్చేది లేదన్నారు. వీధిలో గొడవెందుకని ఊరుకున్నా."

"నాకొక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే నువ్వు ఊరుకునేదానివా?" అని ఆఫ్కె బిస్కెట్ల డబ్బా పట్టుకుని అటు జరిగిపోయింది.

తర్వాతి మీటింగు ఎప్పట్లాగే పాత మినిట్స్ చదవడంతో మొదలైంది. "పలక రాతకి అందరూ ఒప్పుకున్నారు" అని ఆఫ్కె గడగడా చదివేసింది.

"నేను ఒప్పుకోలేదు," అంది డీవర్. "యోరిస్ పేరు తనెక్కిస్తాను, మాట్లాడొద్దని ఆఫ్కె అంటే నోరు మూసుకున్నాను. ఆ మాట రాయండి. పేరు ఎలాగూ పోయింది, నేను వదులుకోలేదని అయినా ఉండనివ్వండి."

కోర్నెలిస్ ఇబ్బందిగా కళ్ళజోడు తీశాడు. "ఆఫ్కె గారూ, అలా అన్నారా మీరు?"

ఆఫ్కె కాగితాలు సర్దింది. మెడ దాకా ఎర్రబడింది. "నాకలాంటిదేం గుర్తులేదండీ. డీవర్‌ది వాళ్ళ నాన్న పోలిక కదా, కాస్త పెంచి చెబుతుంది."

బల్ల చివర ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న పోయిన రోజు తన పక్కన కూర్చుని ఏడ్చిన మనిషి ఈమేనా అనిపించింది డీవర్‌కి.

"మరి మినిట్స్ ఖాయం చేసేద్దామా? ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు కోర్నెలిస్.

డీవర్ ఒక్కతే చెయ్యెత్తింది. ఆఫ్కె తలెత్తకుండానే రాసుకుంది: ఒకరు తప్ప అందరూ ఒప్పుకున్నారు.