ఒక్క తిప్పుకే స్టార్టయ్యే ఇంజను

నేను ఒక ఇంజన్ని. కారుని కాను. ఈ తేడా ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కారు బాగుంటే మీరు రంగుని మెచ్చుకుంటారు, ఆగిపోతే మాత్రం "ఇంజను పాడైంది" అంటారు. నాకు కళ్ళు లేవు. పుట్టినప్పటి నుంచి ఏదో ఒక మూత కిందే నా బతుకు. చూడలేని వాళ్ళకి వినాలనే ఆత్రం ఎక్కువ కదా, మనుషుల గురించి నాకు తెలిసిందంతా విని తెలుసుకున్నదే. అందులో సగం ఇప్పటికీ అర్థం కాలేదు.

నేను పుట్టింది చెన్నై దగ్గర ఒక కార్ఖానాలో. అక్కడ ప్రతి ఇంజనుకీ ఒక పరీక్ష ఉండేది. తాళం తిప్పగానే అంటుకోవాలి. నేను మొదటి తిప్పుకే అంటుకున్నాను. ఎవరో నా వీపు మీద చరిచి "బంగారం" అన్నారు. అది నాకు మొదటి మాట, ఆఖరి బిరుదు కూడా అదే. తర్వాత గుంటూరులో మందుల పెట్టెలు మోసే ఒక వ్యానులో ఆరేళ్ళు పనిచేశాను. ఎండలోనూ వానలోనూ ఎన్నడూ రెండో తిప్పు అడిగి ఎరగను. ఒక తుఫాను రోజున గానుగ చెట్టు విరిగి వ్యాను మీద పడింది. లోపల మనుషులెవరూ లేరు. పైకప్పు అప్పడంలా అయిపోయింది గానీ డ్రైవరు సీటు కింద ఉన్న నేను బతికిపోయాను. నన్ను ఊడదీసి విజయవాడ తీసుకెళ్ళి, ఒక పాత సామాన్ల షెడ్డులో రెండు టైర్ల మీద కూర్చోబెట్టారు.

అక్కడికే వచ్చారు వెంకటాచలం గారు. సామర్లకోటలో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ఊళ్ళో అందరూ ఇప్పటికీ గార్డు గారనే అంటారు. ఆయన వెంట కరీముల్లా మేస్త్రి వచ్చాడు. గార్డు గారికి ముప్పై ఎనిమిదేళ్ళ పాత కారు ఒకటి ఉంది. దాని ఇంజను నెలకోసారి కాదు, రోజూ మొరాయిస్తుంది. అది తీసేసి నన్ను పెట్టాలని బేరం.

"ఇది ఎలా స్టార్టవుతుందోయ్?" అన్నారు గార్డు గారు.

"తాళం తిప్పితే అయిపోద్దండి."

"ఒక్క తిప్పుకేనా?"

"ఒక్క తిప్పుకేనండి. నాది పూచీ."

గార్డు గారు నన్ను వేలితో రెండుసార్లు కొట్టి చూశారు. తర్వాత మెల్లగా, "కొంచెం మొండికేసే ఇంజను ఏదైనా ఉందేమో చూడు" అన్నారు.

కరీముల్లా పకపకా నవ్వాడు. హాస్యమనుకున్నాడు. నాకు మాత్రం ఆ గొంతులో హాస్యం వినపడలేదు. మొండికేసే ఇంజను కావాలనే మనిషి ఎవడైనా ఉంటాడా? ఆ ప్రశ్నతోటే లారీ ఎక్కి సామర్లకోట వచ్చాను.

నన్ను ఆ పాత కారులో దింపడానికి వారం పట్టింది. నాలాంటి చిన్న ఇంజనుకి ఆ బానెట్టు కింద చోటు మరీ ఎక్కువ. కొత్త పట్టీలు వెల్డింగు చేశారు, గొట్టాలు కోశారు, అతికారు. రవాణా ఆఫీసుకి వెళ్ళి కాగితాల్లో నా నెంబరు ఎక్కించారు. పాత ఇంజను కార్చిన నూనె వాసన ఇంకా అక్కడే ఉంది. అత్తగారు సామాను సర్దుకుని వెళ్ళినా ఇల్లు ఆవిడదే అన్నట్టుంది. కొత్త కోడలిలా నేను కాస్త ఒదిగి కూర్చున్నాను.

మొదటి రోజు పొద్దున ఆరున్నరకి గార్డు గారు తాళం తిప్పారు. అంటుకున్నాను. ఆయన వెంటనే కదల్లేదు. గేరు వెయ్యకుండా అలాగే కూర్చున్నారు. అప్పుడే వీధికి అవతల వైపు ఇనుప షట్టరు లేచిన చప్పుడైంది. ఎవరివో చెప్పుల అడుగులు రోడ్డు మధ్య దాకా వచ్చాయి. ఆగాయి. నా చప్పుడు విన్నట్టున్నాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాయి. గార్డు గారు నిట్టూర్చి గేరు వేశారు.

తొమ్మిది రోజులు ఇదే తంతు. నేను అంటుకోవడం, అడుగులు రోడ్డు మధ్య దాకా రావడం, తిరిగిపోవడం. పదో రోజుకి ఆ అడుగులు రావడమే మానేశాయి. ఆ రోజు గార్డు గారు అలవాటుగా స్టేషను దాకా వెళ్ళి, అక్కడ కాఫీ తాగకుండానే తిరిగొచ్చారు.

పదకొండో రోజు జరిగింది చెబితే నా తోటి ఇంజన్లు నన్ను వెలివేస్తాయి. ఆయన తాళం సగమే తిప్పారు. నాకు కరెంటు అందింది, పెట్రోలు అందింది, కానీ స్టార్టరు దాకా తాళం వెళ్ళలేదు. తర్వాత ఆయన హారన్ మోగించారు. ఒకసారి కాదు, మూడుసార్లు, రైలు వస్తున్నట్టు. షట్టరు లేచింది. అడుగులు ఈసారి పరుగులాంటి నడకతో వచ్చాయి. నా నెత్తి మీద, అంటే బానెట్టు మీద, ఒక అరచెయ్యి దబ్బున పడింది.

"ఏవే ముసిల్దానా! కొత్త గుండె పెట్టించుకున్నా పాత బుద్ధి పోలేదా?"

ఆ మాట కారుతో అన్నాడు. గార్డు గారు లోపల్నించి, ఆయన కూడా కారుతోనే అన్నారు. "ఏం చేస్తావే, నీ రాత. తోసేవాళ్ళు ఉంటే కదులు, లేకపోతే లేదు."

"ఎవరికో రాత్రంతా దగ్గంట. మిరియాల కషాయం తాగమని చెప్పవే."

"తాగుతున్నారని చెప్పు. మర బెల్టు తెగిందని విన్నాను, బాగయిందా అని కూడా అడుగు."

"మొన్ననే మార్చేనని చెప్పవే."

అంత మాట్లాడి, ఆ మనిషి వెనక్కి వెళ్ళి భుజం ఆనించి తోశాడు. రెండో గేరులో నేను ఒక్క దూకున అంటుకున్నాను. నా పరువు పోయింది గానీ, నా చెవులు మాత్రం నిక్కబొడుచుకున్నాయి. మనుషులు మనుషులతో మాట్లాడకుండా ఇనుముతో ఎందుకు మాట్లాడతారు?

ఆ రహస్యం గార్డు గారి భార్య మాణిక్యాంబ గారి వల్ల తెలిసింది. నన్ను పరీక్షించడానికి వచ్చిన కరీముల్లాకి ఆవిడ టీ ఇస్తూ చెప్పింది. ఎదురింటి తాతబ్బాయిది పిండి మర. ఆయనా గార్డు గారూ ఒకప్పుడు బావా అంటే బావా అనుకుంటూ ఒక కంచంలో తిన్నంత స్నేహం. పదకొండేళ్ళ కిందట గార్డు గారి రిటైర్మెంటుకి వీధిలో షామియానా వేసి సన్మానం చేశారు. గార్డు గారు తెల్ల యూనిఫారంలో మైకు ముందు నించుని "సభకు నమస్కారం" అన్నారో లేదో, తాతబ్బాయి మరలో ఎవరో పెళ్ళివారి మిరపకాయల బస్తా పడింది. గాలి ఇటు తిరిగింది. స్టేషను మాస్టరు దగ్గర నుంచి పూలదండ వేసినాయన దాకా అందరూ ఒకటే తుమ్ములు. సన్మానం తుమ్ముల్లో కొట్టుకుపోయింది. "నీ మర మూయిస్తాను" అని గార్డు గారు అందరి ముందూ అరిచారు. "నీ రైళ్ళకంటే నా మరే టైముకి నడుస్తుంది" అని తాతబ్బాయి అందరి ముందూ అన్నాడు. అంతే, మాటల్లేవు.

"కానీ అమ్మగారూ, పాత ఇంజనున్నప్పట్నుంచీ రోజూ తోసేది ఆయనేగా?" అన్నాడు కరీముల్లా.

"తోస్తాడు. దాంతో మాట్లాడతాడు. ఈయనతో కాదు." ఆవిడ గొంతు తగ్గించింది. "అదంతా ఎలా ఉన్నా, పోయిన ఏడాది నేను లోపలుండగా రైలు గేటు మధ్యలో ఆగిపోయింది కదా ఈ కారు. గార్డు గారి కారు పట్టాల మీద ఆగిపోతే ఎలా ఉంటుందో ఆలోచించు. అందుకే ఇంజను మార్చమని పట్టుబట్టాను. ఇదీ ఇంతేనా?"

కరీముల్లా తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అంటుకున్నాను. ఇంకోసారి తిప్పాడు, అంటుకున్నాను. పదిసార్లూ అంతే.

"నా చేతిలో బాగానే ఉందమ్మగారూ."

"నీ చేతిలో కాదు నాయనా, పొద్దున్నే కావాలి. షెడ్డువాళ్ళిచ్చిన నెల రోజుల గ్యారంటీ ఉందిగా. అప్పటికీ ఇలాగే ఉంటే తీసేసి ఇచ్చెయ్యి. నా మోకాలికి ఇక్కడి నుంచి కాకినాడ దాకా నమ్మకమైన బండి కావాలి. దొరక్కపోతే ఈ కారే అమ్మేద్దాం."

గార్డు గారు అరుగు మీదే ఉన్నారు. విన్నారు. దగ్గుతూ లోపలికి వెళ్ళిపోయిన అడుగులు నాకు వినపడ్డాయి.

ఆ మిగిలిన రోజులు ఎలా గడిచాయో నాకే తెలియదు. పొద్దున్నే సగం తాళం, మూడు హారన్లు, తాతబ్బాయి అరచెయ్యి, నాతో నడిచే మాటలు. మనవరాలి పరీక్షలు, కొళాయి నీళ్ళు, ఎవరి బీపీ ఎంత, అన్నీ నా మీదుగానే అటూ ఇటూ వెళ్ళాయి. నిజం చెప్పొద్దూ, వింటుంటే బాగుండేది. కానీ ఒక్కో రోజు గడిచేకొద్దీ నేను ఆ షెడ్డుకి దగ్గరవుతున్నాను. అక్కడ తిరిగొచ్చిన ఇంజన్లని ముక్కలు చేస్తారు. చెయ్యని తప్పుకి ముక్కలవడం ఎవరికైనా కష్టమే.

ముప్పయ్యో రోజు కరీముల్లా నన్ను పైకెత్తడానికి గొలుసు కప్పీ తెచ్చాడు. బానెట్టు ఎత్తి, నా రెండు వైపులా కొక్కాలు తగిలించాడు. మొదటి బోల్టు వదులయింది. గార్డు గారు పక్కనే నించున్నారు, ఆయన ఊపిరి నాకు వినపడుతూనే ఉంది. ఒక్క మాట చెబితే నేను బతుకుతాను. కానీ ఆ మాట చెబితే, ఇంత వయసొచ్చిన గార్డు ఎదురింటాయనతో మాట్లాడ్డానికి ఇరవై రోజులు దొంగ నాటకం ఆడాడని వీధంతా నవ్వుతుంది. రెండో బోల్టు వదులయింది.

అప్పుడు చెప్పుల అడుగులు వచ్చాయి. ఈసారి హారన్ మోగకుండానే.

"ఏవే ముసిల్దానా," అన్నాడు తాతబ్బాయి. "నీ గుండెకాయ బంగారంలా ఉందని ఆ మేస్త్రితో చెప్పవే. బిగించెయ్యమను."

కరీముల్లా పానా ఆపాడు. "మరి పొద్దున్నే అవ్వట్లేదు కదండీ?"

"ఎందుకవ్వదు? తాళం చివరిదాకా తిప్పితే అవుద్ది. బ్యాటరీ చచ్చిన బండి ఎక్కడైనా మూడు వీధులు వినపడేలా హారన్ కొడతాదా? ముప్పై ఏళ్ళు మర ఇంజనుతో కాపరం చేస్తన్నాను, నాకు తెలీదా? మొదటి రోజే తెలిసింది."

గార్డు గారు నా వైపు వంగి అన్నారు. "తెలిసి కూడా ఎందుకు తోశాడో అడుగు."

"హారన్ కొట్టింది నాకోసమేనని తెలుసు కాబట్టి తోసేనని చెప్పవే."

మాణిక్యాంబ గారు ముందు "అమ్మో" అంది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడ్చింది కూడా. "పదకొండేళ్ళు! ఇద్దరికీ సిగ్గులేదు. కరీముల్లా, బోల్టులు బిగించు. రేపు కాకినాడ మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అన్నయ్యా, మీరూ రండి. దారిలో ఆగిపోతే తోయడానికి ఒక మనిషి ఉండాలి."

"ఆగిపోతే సరేనమ్మా," అన్నాడు తాతబ్బాయి.

మర్నాడు ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. తాతబ్బాయి ముందు సీట్లో, గార్డు గారి పక్కన. గార్డు గారు తాళం చివరిదాకా తిప్పారు. అంటుకున్నాను. ఇరవై రోజుల తర్వాత నా పని నేను చేశాను. బయల్దేరాక ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, ఎప్పటిలాగే నాతోనే. ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు మనుషులూ బానెట్టు వైపే చూస్తారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

రైలు గేటు పడింది. పోయిన ఏడాది కారు ఆగిపోయిన గేటే. గార్డు గారు నన్ను ఆపేశారు. గూడ్సు బండి చాలా పొడుగ్గా పోయింది. చివరి పెట్టె కూడా దాటాక గేటు లేచింది. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. గార్డు గారి చెయ్యి మాత్రం తాళం మీదే ఉండిపోయింది. ఆ ఆఖరి పెట్టెలో తను నించున్న రోజులు గుర్తొచ్చాయో ఏమో.

నేను ఆగి ఉన్నాను. ఆ హారన్ల మధ్య తాతబ్బాయి అన్నాడు.

"పచ్చజెండా ఊపమంటావా బావా? తిప్పు."

ఆ మాట నాతో కాదు. పదకొండేళ్ళలో మొదటిసారి అది ఈ కారు మీదుగా వెళ్ళలేదు.

"తిప్పుతున్నాలే బావా," అన్నారు గార్డు గారు.

నేను ఒక్క తిప్పుకే అంటుకున్నాను.