కోట కాలే ముందు రెండు వారాలు

నన్నడిగితే ఆటలో అసలు పండుగ కొత్త భాగం వచ్చిన రోజు కాదు, దానికి ముందొచ్చే రెండు వారాలు. ఈ సంగతి తెలియనివాడు ఆన్‌లైన్ ఆట ఆడినా ఒకటే, ఆడకపోయినా ఒకటే. మేమాడేది కాలకోట. ఏడాదికో రెండేళ్లకో కంపెనీవాళ్లు దానికి ఓ కొత్త భాగం కలుపుతారు. కలిపేముందు రెండు వారాలు పాత లోకాన్ని ఆగమాగం చేసి వదిలిపెడతారు. ఒకసారి బావుల్లోంచి చచ్చినవాళ్లంతా లేచొచ్చారు. ఇంకోసారి ఊళ్లమీద తేళ్లవాన కురిసింది. ఆ రెండు వారాల్లో దక్కిందే దక్కింది, తర్వాత నెత్తీనోరూ కొట్టుకున్నా దొరకదు.

మా రాకేశ్‌గాడికి ఆ రెండు వారాలంటే ప్రాణం. వాడు మస్కట్‌లో క్రేన్ నడిపేవాడు. క్యాంపులో నెట్ సరిగ్గా రాదు, వచ్చినా మాట్లాడుకోవడానికే గానీ కొట్లాడటానికి పనికిరాదు. అందుకని ఆట కంపెనీ తారీఖు చెప్పగానే వాడు సెలవు పెట్టేవాడు. ఊళ్లో అందరూ పెళ్లాం మీద ప్రేమతో వస్తున్నాడనుకునేవాళ్లు. వాడు ఇంట్లో బ్యాగు పడేసి, చెంబెడు నీళ్లు తాగి, ఖానాపూర్ బస్టాండు ఎదురుగా ఉన్న నా ఫోటో స్టూడియోకి వచ్చేసేవాడు. రెండు వారాలూ అక్కడే. టిఫిన్ కూడా అక్కడికే.

ఆటలో కలిసి కొట్లాడే మా జట్టు, అదే గిల్డు, పేరు ఖానాపూర్ దండు. దానికి పెద్ద రాకేశే. ప్రపంచమంతా తమ వీరులకు నోరు తిరగని ఇంగ్లీషు పేర్లు పెట్టుకుంటే, వీడు తాత పేరు పెట్టుకున్నాడు. మొండయ్య. ఇనుప చొక్కా, కొమ్ముల టోపీ, చేతిలో నిలువెత్తు గొడ్డలి, నెత్తిమీద మొండయ్య అని తెలుగులో పేరు. నవ్వినవాళ్లను నవ్వనిచ్చాడు. తర్వాత వాళ్లే వచ్చి దండులో చేరారు.

ఈసారి కోటనే కాల్చేస్తున్నారు. మేమంతా ఆట నేర్చుకున్న కోట. చివరి ఆదివారం సాయంత్రం ఆరింటికి తలుపులు మూసేసి నిప్పు పెడతారు. ఆ వేళకు లోపల నిలబడి ఉన్నవాళ్ల పేర్లు కొత్త పట్నంలో ఒక రాతిమీద చెక్కుతారు. ఆట ఉన్నంతకాలం ఆ పేర్లు ఉంటాయి.

"గా రాయి మీద మా తాత పేరు లేకుంటే నన్ను మనిషే అనకు నాగరాజూ," అన్నాడు రాకేశ్ ఫోన్‌లో. టికెట్ కూడా తీసుకున్నాడు.

వాడు రాలేదు, పెట్టె వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. ముప్పై రెండేళ్లవాడికి గుండె ఆగడమేమిటి! ఎవణ్ని పట్టుకుని దులిపేయాలో తెలియక, పెట్టె దింపుతున్న అంబులెన్సు డ్రైవర్‌తో ఊరికే కొట్లాట పెట్టుకున్నాను.

మూడోనాడు పిట్టకు పెట్టారు. చితి కాలిన చోటు పక్కన విస్తరిలో మటన్ కూర, అన్నం, కల్లు, వాడు తాగే సిగరెట్టు పెట్టి, అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. కాకి వచ్చి ముడితే పోయినవాడి ప్రాణం నిమ్మళించినట్టు. ముట్టలేదు. తుమ్మచెట్టు మీద రెండు కాకులున్నాయి. చూస్తున్నాయి గానీ దిగడం లేదు.

పిట్ట ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాటివ్వాలి. రాకేశ్ పెద్దబాపు అంతయ్య గొంతు సవరించుకున్నాడు. "నీ ఇల్లు స్లాబు నేనేయిస్త బిడ్డా, ఫికర్ జేయకు." కాకి కదల్లేదు. కదులుతుందా మరి! ఆయన తన ఇంటికే సున్నం వేయించని మనిషి.

తల్లి లస్మవ్వ ఏడ్చుకుంటూ, "నీ పెండ్లాన్ని నా బిడ్డ లెక్క సూసుకుంట కొడుకా, ముట్టు," అంది. ముట్టలేదు.

ఆడవాళ్లు వాడి పెళ్లాం అలేఖ్యను ముందుకు తోశారు. "నువ్ జెప్పు బిడ్డా, నీ మీదనే పాణం ఉంటది." అలేఖ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీ అవ్వను ఇడిసి నేనేడికి పోను. ముట్టు," అంది. ఎవరికీ వినపడలేదని మళ్లీ గట్టిగా చెప్పించారు. చెప్పింది. ఊరంతా చెట్టుకేసి చూసింది. ఎండ నెత్తికెక్కుతోంది. ఎవరో "గింతసేపాయె" అని గొణిగారు.

ఇక నావల్ల కాలేదు. వాడి కోరిక ఏమిటో అక్కడ నాకు తప్ప ఎవరికి తెలుసు? జనాన్ని తోసుకుని ముందుకెళ్లి, "అరే రాకేశ్, ఆదివారం నాడు మొండయ్యను కోటల నేను నిలవెడ్త. నీ పేరు రాయి మీద ఎక్కిపిస్త. నా మీద ఒట్టు, ముట్టురా!" అని అరిచాను.

కాకి దిగింది. అందరూ చూస్తుండగానే దిగి మటన్ ముక్క నోట కరుచుకుంది. లస్మవ్వ నన్ను పట్టుకుని బావురుమంది. నా గుండె ఇంత పొంగిపోయింది. అలేఖ్య వైపు అప్పుడు నేను చూడనేలేదు.

మాటైతే ఇచ్చాను, మొండయ్య మాత్రం రాకేశ్ ఫోన్‌లో ఉన్నాడు. ఆ ఫోన్ అలేఖ్య దగ్గర ఉంది. వెళ్లి అడిగితే "సూస్త అన్నా" అంది. మర్నాడు అడిగితే అదే మాట. నాకు ఒళ్లు మండిపోయి అంతయ్య చెవిన వేశాను. ఆయన ఇంటిముందు నిలబడి, పిట్టకిచ్చిన మాట తప్పితే పోయినోని ఆత్మ తిరుగుతదని నలుగురు వినేట్టు కేకలేశాడు.

అలేఖ్య గడపలోకి వచ్చింది. "నా మొగడు. నేనే నిలవెడ్త. ఎట్ల నడిపియ్యాల్నో జెప్పు అన్నా," అంది.

ఏం చేస్తాను? చెప్పాను. ఇది నొక్కితే ముందుకు, ఇది నొక్కితే పక్కకు, ఇది మాట్లాడటానికి. ఆమె తొందరగానే నేర్చుకుంది. శనివారం నాటికి మొండయ్య గోడలకు గుద్దుకోకుండా నడుస్తున్నాడు.

ఆదివారం సాయంత్రం దండంతా కోట నడుమ చేరింది. మంచిర్యాల నుంచి కరుణాకర్, కరీంనగర్ నుంచి ముకర్రం, ఇంకా చాలామంది. ఆరు కావస్తుండగా మొండయ్య తలుపు దాటి లోపలికొచ్చాడు. కొమ్ముల టోపీ, గొడ్డలి, అదే నడక. చచ్చినవాడు నడిచొస్తున్నాడని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగి తెర మసకబారింది. అందరూ వరసగా వంగి సలాములు పెట్టారు. మొండయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

అప్పుడు మైకులో అలేఖ్య గొంతు వినబడింది. "అందరికి నమస్తే అన్నా. నేను అలేఖ్యను."

"రాకేశ్ ఇంటామె," అన్నాను నేను.

ముకర్రం వెంటనే, "భాభీయా? భాయ్‌కు షాదీ అయ్యిందా?" అన్నాడు.

మూడేళ్లు రోజూ మాట్లాడుకున్నవాళ్లు. రాకేశ్ ఏ రోజు ఏ కూర తిన్నాడో తెలుసు, క్యాంపులో ఏ మంచం మీద పడుకునేవాడో తెలుసు. ముకర్రంగాడి తప్పేముంది? చెబితేగా తెలిసేది! నాకు మాత్రం వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది.

"నాగరాజన్నా," అంది అలేఖ్య, "నీకైన జెప్పెటోడా నా ముచ్చట?"

"చెప్పకేంది చెల్లె..."

"ఏమని?"

అందరూ వింటున్నారు. రాకేశ్ ఏనాడు ఏమన్నాడని బుర్రంతా దేవులాడాను. లీవు దొరికిందన్నాడు, కొత్త గొడ్డలి అన్నాడు, అవ్వకు మోకాళ్ల నొప్పి అన్నాడు. ఒక్క మాట, ఎంత చిన్నదైనా సరే, ఆమె గురించి ఒక్క మాట దొరికితే చాలు. నా నోరు పడిపోను, అబద్ధమైనా రాలేదు.

"నేను మాటిస్తే ముట్టలే అన్నా," అంది ఆమె. గొంతులో ఏడుపు కూడా లేదు. "ఊరంత సూసింది. నువ్ ఆటల నిలవెడ్త అన్నవ్, ముట్టింది."

మొండయ్య వెనక్కి తిరిగాడు. తలుపు వైపు నడిచాడు.

"చెల్లె, ఆగు! మూస్తున్నరు! గా రాయి కోసమే వాడు..." గొంతు చించుకున్నాను. పరుగెత్తి అడ్డం నిలబడ్డాను. ఆటలో మనిషికి మనిషి అడ్డం కాడు, నాలోంచే దాటి వెళ్లిపోయాడు. గడప అవతల ఆగాడు. తలుపులు మూసుకున్నాయి. కోట అంటుకుంది.

మర్నాడు కొత్త పట్నంలో రాయి లేచింది. నా పేరుంది. కరుణాకర్ పేరుంది, ముకర్రం పేరుంది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాను. మొండయ్య లేడు.

నేరుగా రాకేశ్ వాళ్లింటికి పోయాను. నాలుగు మాటలు అడిగి కడిగేయాలనే పోయాను. లస్మవ్వ వాకిట్లో గోడకానుకుని కూర్చుంది. అలేఖ్య అన్నం గిన్నెలు తెచ్చి ముందు పెడుతోంది.

నన్ను చూడగానే లస్మవ్వ, "ఎక్కిందా బిడ్డా, పేరు?" అంది.

నేను నోరు తెరిచేలోపే అలేఖ్య, "ఎక్కింది అత్తమ్మా. నేనే నిలవెట్టిన. కాలిపొయ్యేదాక ఆడనే ఉన్న," అంది. అని నాకేసి చూసింది.

తిడదామని వచ్చిన నోటితోనే, "అవునవ్వా, ఎక్కింది," అన్నాను.

లస్మవ్వ రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టింది. కోడలి చెయ్యి పట్టుకుని నిమిరింది. "నాకెర్కనే. నా కొడుక్కు ఇదంటే ఎంత పాణమో. పిట్ట కాడ ఊరోళ్లు ఏవేవో అనుకున్నరు గని... నీకెర్క కాదా నాగరాజూ, దోస్తువు నీతోని జెప్పే ఉంటడు."

"చెప్పకేంది అవ్వా," అన్నాను. ఇప్పుడు మాత్రం మాటలు ఎక్కడా తడబడకుండా వచ్చాయి. "పొద్దుందాక అలేఖ్య ముచ్చటే. ఇంటికొస్తే ఇడిసిపెట్టి పోబుద్ధి కాదనెటోడు. మేమే నవ్వెటోళ్లం."

లస్మవ్వ ఏడుస్తూ నవ్వింది. అలేఖ్య మెల్లగా చెయ్యి విడిపించుకుని, ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.